నార్త్ ప్లెయిన్స్ నుంచి జవహర్‌నగర్ దాకా: చెత్త ఎవరిది, అనుమతి ఎవరిది?

(అక్టోబర్ 2013లో ఒరెగాన్ రాష్ట్రం హిల్స్‌బరోలో తెలంగాణ మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 జై తెలంగాణ.

ఈ మూడు నెలల నుంచి మనందరి ముచ్చట ఒక్కటే. జూలై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తీర్మానం, అక్టోబర్ 3న కేంద్ర కేబినెట్ ఆమోదం, ఇప్పుడు మంత్రుల బృందం. ఎవరిని కదిపినా కృష్ణా నీళ్లు, ఉద్యోగుల పంపకం, పదేండ్ల ఉమ్మడి రాజధాని గురించే మాట్లాడుతున్నరు. నన్ను మాట్లాడుమన్నప్పుడు నేను చెత్త గురించి మాట్లాడుతనని చెప్పిన. అవతలి నుంచి ఫోన్‌ల కొద్దిసేపు సప్పుడు లేదు. తర్వాత "అన్నా, పది మంది కుటుంబాలతో వస్తరు, భోజనాలున్నయి" అన్నడు తమ్ముడు. భోజనాల ముందే ముగిస్తనని మాటిచ్చి వచ్చిన.

మనది నీళ్లు, నిధులు, నియామకాల ఉద్యమం. ఆ మూడింట్ల చెత్త లేదు. కానీ హైదరాబాద్ చెత్త పడే ఊళ్లె బోరు నీళ్లు చెడిపోతయి, ఆ చెత్త మోసే కాంట్రాక్టుకు కోట్ల నిధులు పోతయి, ఆ ఊరి మనిషికి దొరికే ఉద్యోగం చెత్త ఏరుకునుడు. అందుకే ఇది మన ముచ్చటే అంటున్న.

ఇక్కడి కథతోటి మొదలు పెడుత. మీలో చాలామంది ఇంటెల్‌ల పని చేస్తున్నరు, లేకుంటే దానిమీద ఆధారపడ్డ కంపెనీలల్ల చేస్తున్నరు. మీ ఆఫీసు నుంచి హైవే 26 ఎక్కి సముద్రం దిక్కు పోతే కొన్ని నిమిషాల్లోనే నార్త్ ప్లెయిన్స్ అనే ఊరు వస్తది. 2010 జనాభా లెక్కల్లో రెండు వేల మంది కూడా లేరు. మన లెక్కన ఒక మోస్తరు గ్రామ పంచాయతీ. పెద్ద వెల్లుల్లి పండుగ చేస్తరు, మీలో కొందరు పిల్లల్ని తీసుకొని పోయే ఉంటరు. ఆ ఊరి పొలిమేరల, పొలాల మధ్య 'నేచర్స్ నీడ్స్' అని ఒక కంపోస్టు కేంద్రం ఉన్నది. చెట్ల కొమ్మలు, కోసిన గడ్డి, రాలిన ఆకులు తెచ్చి కుప్పలు పోసి ఎరువు చేసేది. ఎన్నో ఏండ్లు అది ఉన్నదన్న సంగతే పక్క ఊళ్లకు పెద్దగా పట్టలేదు.

ఇగ పోర్ట్‌లాండ్ సంగతి. దాదాపు ఆరు లక్షల జనాభా, పర్యావరణం అంటే ప్రాణం ఇచ్చే నగరమని పేరు. వంటింటి వ్యర్థాలు భూమిలో పాతిపెడితే మీథేన్ వస్తది, అందుకని వాటిని ఎరువు చేద్దామనుకున్నరు. మంచి ఆలోచనే, నాకు దానిమీద తగాదా లేదు. 2010ల రెండు వేల ఇండ్లల్ల ప్రయోగం చేసి చూసిన్రు. 2011 అక్టోబర్ 31 నుంచి నగరం మొత్తం అమలు చేసిన్రు. ఆకుపచ్చ డబ్బాల అన్నం, కూర, మాంసం, బొక్కలు, పిజ్జా అట్టపెట్టె, ఏదైనా వేయొచ్చు. దాన్ని వారానికోసారి తీసుకపోతరు. మామూలు చెత్త డబ్బాను మాత్రం రెండు వారాలకోసారే ఎత్తుతరు. ఆ రెండో షరతుతోటి జనం అలవాటు మార్చుకోక తప్పలేదు. మొదటి ఏడాదిలోనే ఇండ్ల నుంచి భూమిలో పాతిపెట్టే చెత్త మూడో వంతుకు పైగా తగ్గిందని నగరం చెప్పుకున్నది. పేపర్లు మెచ్చుకున్నయి. వేరే నగరాల వాళ్లు వచ్చి చూసి పోయిన్రు.

మరి ఆ ఆకుపచ్చ డబ్బాలల్లది ఎటు పోయింది? చాలా మటుకు నార్త్ ప్లెయిన్స్‌కు పోయింది. ఆకులు, గడ్డి కోసం పెట్టిన కేంద్రం ఒక్కసారిగా నగరం వంటింటికి పెంటకుప్ప అయింది.

ఇక్కడ కొంచెం ఇంజనీరింగ్ చెప్పాలె, ఓపిక పట్టుండ్రి. ఎరువు తయారుచేసేది మనం కాదు, సూక్ష్మజీవులు. వాటికి గాలి కావాలె, తేమ కావాలె, తిండి సమతూకంల ఉండాలె. కార్బన్ ముప్ఫై పాళ్లుంటే నైట్రోజన్ ఒక పాలు, తేమ యాభై అరవై శాతం మధ్య ఉంటే కుప్ప లోపల యాభై ఐదు డిగ్రీలు దాటి కాగుతది, రోగకారక క్రిములు చస్తయి, మట్టి వాసనొచ్చే ఎరువు తయారైతది. ఎండిన ఆకులల్ల కార్బన్ ఎక్కువ, సందులుంటయి, గాలి ఆడుతది. అన్నం, మాంసం, పండ్ల తొక్కలు అట్ల కాదు. నీళ్లు ఎక్కువ, నైట్రోజన్ ఎక్కువ, ముద్దగ కూసుంటది. గాలి ఆడదు. గాలి లేనిచోట బతికే వేరే జాతి క్రిములు పనిలోకి దిగుతయి. పులిసిన వాసన, కుళ్లిన గుడ్డు వాసన వాటి పనే. చెక్క పొట్టు కలిపి, గాలి ఊది, కుప్పల్ని కప్పి దీన్ని అదుపుల పెట్టొచ్చు. కానీ దానికి జాగా కావాలె, యంత్రం కావాలె, అన్నిటికన్నా ముందు అనుభవం కావాలె.

ఇంకో సంగతి. అక్టోబర్ 31న మొదలుపెట్టిన్రని చెప్పిన కదా. ఒరెగాన్‌ల వానలు మొదలయ్యేది అప్పుడే. అక్కణ్నుంచి ఎండాకాలం దాకా ముసురే. తడి సరుకును తడి కాలంలనే దించిన్రు. మన సాఫ్ట్‌వేర్ వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలంటే, లోడ్ టెస్టు ప్రొడక్షన్‌ల చేసిన్రు. ఆ ప్రొడక్షన్ నార్త్ ప్లెయిన్స్ జనం ముక్కు.

కంపు లేచింది. కిటికీలు తెరవలేకపోతున్నమని, పెరట్ల కూసోలేకపోతున్నమని ఫిర్యాదుల మీద ఫిర్యాదులు. కంపెనీ పద్ధతులు మార్చి చూసింది. ఊరోళ్లు సంతృప్తి పడలేదు. ఈ ఏడాది, అంటే 2013 మొదట్ల, వాషింగ్టన్ కౌంటీ కమిషనర్లు ఆ కేంద్రంల ఆహార వ్యర్థాలు ఇగ తీసుకోవద్దని నిర్ణయించిన్రు. ఆకులు, గడ్డి తీసుకోవచ్చు, అన్నం కూర వద్దు. పోర్ట్‌లాండ్ వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. కార్వాలిస్ దగ్గరున్న మరో కేంద్రం దిక్కు లారీలు మళ్లినయి.

ఈ కథ విన్నప్పుడు పర్యావరణ ప్రేమికులు "అయ్యో, మంచి కార్యక్రమానికి అడ్డం పడ్డరు" అంటరు. ఇంకొందరు "కంపోస్టు అంటేనే మోసం" అంటరు. రెండూ నాకు నచ్చవు. నా దృష్టి ఆ కమిషనర్ల మీద పడింది. వాళ్లను ఎన్నుకున్నది ఎవరు? వాషింగ్టన్ కౌంటీ ఓటర్లు. అంటే నార్త్ ప్లెయిన్స్ వాళ్లు కూడా. చెత్త పంపిన పోర్ట్‌లాండ్ నగరం ఉన్నది మల్ట్‌నోమా కౌంటీల. పంపేటోని చేతిలో అనుమతి కలం లేదు. పోర్ట్‌లాండ్ మేయర్ ఎంత మంచోడైనా, ఎంత పెద్దోడైనా, ఆ కేంద్రం గురించి చివరి మాట కంపు పీల్చే మనిషి ఓటేసిన మనిషిది. కేంద్రం పెరగాల్నా, ఆగాల్నా, ఏ సరుకు తీసుకోవాల్నా అనేది అక్కడ తేలింది. రాష్ట్ర పర్యావరణ శాఖ అనుమతి వేరే ఉంటది, మెట్రో అనే ప్రాంతీయ ప్రభుత్వం పాత్ర వేరే ఉంటది. వాటితోపాటు కౌంటీకి కూడా కాదనే హక్కు ఉన్నది కాబట్టి రెండు వేల మంది ఊరు ఆరు లక్షల నగరాన్ని ఆపగలిగింది.

దీని వెనుక నలభై ఏండ్ల చరిత్ర ఉన్నది. 1973ల టామ్ మెకాల్ గవర్నర్‌గా ఉన్నప్పుడు సెనేట్ బిల్ 100 అని భూ వినియోగ చట్టం తెచ్చిన్రు. ప్రతి నగరానికి ఒక గీత, ఆ గీత దాటి నగరం పెరగొద్దు, అవతలి సాగుభూమి సాగుకే ఉండాలె అని. మీరు కార్నెలియస్ పాస్ రోడ్డు మీద పోయేటప్పుడు చూస్తరు, ఒక పక్క అపార్ట్‌మెంట్లు, కొంచెం దూరం పోంగనే గోధుమ చేలు. అది యాదృచ్ఛికం కాదు, చట్టం. నగరానికి గీత గీసినట్లే, నగరం తన అవసరాల్ని గీత అవతలికి తోసేటప్పుడు కూడా అడిగి తోయాలన్న పట్టింపు ఇక్కడ కొంత ఉన్నది. ఈ ఏడాదే ఒరెగాన్ శాసనసభ ఇంకో పని చేసింది. కంపోస్టు కేంద్రం కొత్తగా పెట్టాలన్నా, ఉన్నదాన్ని మార్చాలన్నా దరఖాస్తు కన్నా ముందే స్థానిక అధికారులతోటి కూసొని మాట్లాడే పద్ధతిని చట్టంల పెట్టింది. దరఖాస్తు వేసినంక కొట్లాడే బదులు వేయకముందే అడుగుమని.

అమెరికా అంతా ఇట్లనే ఉన్నదనుకోవద్దు. కాలిఫోర్నియాల సొలానో కౌంటీ అని ఉన్నది, శాన్ ఫ్రాన్సిస్కోకు ఈశాన్యంల. శాన్ ఫ్రాన్సిస్కో వంటింటి వ్యర్థాలు ఎన్నో ఏండ్ల నుంచి అక్కడి జెప్సన్ ప్రెయిరీ కేంద్రంల ఎరువైతున్నయి, ఆ ఎరువు ద్రాక్ష తోటలకు పోతది. అది బాగా నడిచిన కథ. కానీ అదే కౌంటీల ఇంకో కథ ఉన్నది. 1984ల సొలానో ఓటర్లు మెజర్ ఈ అని పెట్టుకున్నరు. బయటి కౌంటీల చెత్త ఏడాదికి 95 వేల టన్నులకు మించి మా దగ్గర పాతిపెట్టొద్దని. చిత్తడి నేలల పక్కనున్న పొట్రెరో హిల్స్ డంపును విస్తరిస్తమన్నప్పుడు ఆ చట్టం పట్టుకొని కోర్టుకు పోయిన్రు. కొట్లాట నడుస్తుండంగనే, పోయిన ఏడాది శాక్రమెంటోల ఏబీ 845 అని చట్టం చేసిన్రు. ఎక్కడి నుంచి వచ్చిన చెత్త అనేదాన్ని బట్టి స్థానికులు ఆంక్షలు పెట్టొద్దని. ఆ బిల్లు పెట్టిన సభ్యురాలు శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఎన్నికైన మనిషి. ఇరవై ఎనిమిదేండ్ల కింద జనం ఓటేసి తెచ్చుకున్న హక్కును రాజధాని నుంచి ఒక్క సంతకంతోటి తీసేసిన్రు. ఈ మాట విన్నప్పుడు పెద్దమనుషుల ఒప్పందం యాదికొస్తే తప్పు మీది కాదు.

అవతలి పక్షానికీ ఒక వాదన ఉన్నది, చెప్పకపోతే అన్యాయం. ప్రతి ఊరు గేటు మూస్తే చెత్త ఎటు పోవాలె? అమెరికా సుప్రీంకోర్టు 1978లనే ఫిలడెల్ఫియా, న్యూజెర్సీ కేసుల చెప్పింది, చెత్త కూడా వ్యాపార సరుకే, బయటి రాష్ట్రానిదని ఆపొద్దని. నిజమే, ఎక్కడో ఒకచోటికి పోవాల్సిందే. పోర్ట్‌లాండ్ మామూలు చెత్త కూడా తూర్పున సుమారు నూట నలభై మైళ్ల దూరంల ఆర్లింగ్టన్ అనే చిన్న ఊరి దగ్గరి డంపుకు పోతది. అక్కడ వాన తక్కువ, జనం తక్కువ. కానీ అక్కడి గిలియమ్ కౌంటీకి టన్నుకింత అని రుసుము ముడుతది. బేరం నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. బేరమైతే ఉన్నది కదా, అవతల ఒక మనిషి ఉన్నడని ఒప్పుకున్నట్లే కదా.

ఇగ జవహర్‌నగర్‌కు పోదాం.

మీలో ఎందరికి ఈసీఐఎల్ అవతల ప్లాట్లున్నయో నేను అడుగను. దమ్మాయిగూడ, నాగారం, కీసర దారిల తక్కువకు దొరికితే కొన్నోళ్లు ఉన్నరు. ఎందుకు తక్కువకు దొరికిందో రాత్రిపూట గాలి తిరిగితే తెలుస్తది.

ఆటోనగర్ డంపు మూతపడ్డంక హైదరాబాద్ చెత్తకు పెద్ద దిక్కు జవహర్‌నగరే అయింది. రంగారెడ్డి జిల్లాల, సుమారు మూడున్నర వందల ఎకరాల జాగా. 2007ల 12 మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేసిన్రు. నగరం ఒక్కసారి పెద్దగైంది, చెత్త కూడా పెద్దగైంది. రోజుకు మూడు, నాలుగు వేల టన్నుల మధ్య. 2009ల రాంకీ సంస్థతోటి పాతికేండ్ల ఒప్పందం చేసుకున్నరు. కాగితం మీద అంతా ఉన్నది. కంపోస్టు ఉన్నది, రీసైక్లింగ్ ఉన్నది, శాస్త్రీయంగా పాతిపెట్టుడు ఉన్నది. నేల మీదున్నది గుట్ట. వానపడితే ఆ గుట్ట నుంచి నల్లటి రసం కారి మల్కారం చెరువుల పడుతది. చుట్టుపక్కల బోర్లల్ల నీళ్ల రంగు మారింది. జనం రోడ్డుమీద కూసొని లారీల్ని ఆపిన రోజులున్నయి. లారీలు ఆగంగనే నగరంల చెత్త పేరుకుంటది, పేపర్ల వార్త వస్తది, పోలీసులు వస్తరు, లారీలు కదులుతయి.

నార్త్ ప్లెయిన్స్‌కు, జవహర్‌నగర్‌కు తేడా టెక్నాలజీల ఉన్నదనుకుంటే పొరపాటు. అక్కడా కంపు లేచింది, ఇక్కడా లేచింది. తేడా కలం ఎవరి చేతిల ఉన్నదన్న దగ్గర ఉన్నది. జవహర్‌నగర్ జీహెచ్‌ఎంసీ హద్దు బయట ఉన్న గ్రామ పంచాయతీ. అక్కడి మనిషి జీహెచ్‌ఎంసీ కార్పొరేటర్‌కు ఓటేయలేడు. మరి తన పంచాయతీ ఆపగలుగుతదా? లేదు. చెత్త పంపేటి జీహెచ్‌ఎంసీ కమిషనర్‌ను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. భూమి ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. అనుమతి ఇచ్చే కాలుష్య నియంత్రణ మండలి రాష్ట్ర ప్రభుత్వానిది. 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద ఇట్లాంటి కేంద్రాలకు ప్రజాభిప్రాయ సేకరణ జరుపాలె, దాన్ని నడిపే కలెక్టర్ రాష్ట్ర ప్రభుత్వ అధికారి. జనం చెప్పింది రాసుకుంటరు. వినాలని రూలు లేదు. దొంగ, పోలీసు, జడ్జి ఒకే ఇంట్ల ఉన్నట్లు.

ఇన్నేండ్లు ఈ కథను మనం సీమాంధ్ర పాలకుల ఖాతాల రాసినం. రాయడంల న్యాయం ఉన్నది. హైదరాబాద్ చుట్టూ భూమిని సరుకు లెక్క చూసిన్రు, అందులో జనం ఉన్నరని చూడలేదు. కానీ రేపటి లెక్క చూడుండ్రి. రాష్ట్రం వచ్చినంక జీహెచ్‌ఎంసీ తెలంగాణది, కాలుష్య మండలి తెలంగాణది, కలెక్టర్ తెలంగాణోడు, జవహర్‌నగర్ తెలంగాణ ఊరే. రాజధాని పదేండ్లు ఉమ్మడి అంటున్నరు, మంత్రుల బృందం దగ్గర దానిమీద ఎన్ని పంచాయితీలో. రాజధాని చెత్త మాత్రం ఉమ్మడి కాదు. అది మొత్తానికి మొత్తం తెలంగాణ పల్లె మీదనే పడుతది. అప్పుడు ఏ గుంటూరు వానిని తిడుతం? జవహర్‌నగర్ నిండినంక ఇంకో ఊరు వెతుకుతరు. ఉత్తరాన మెదక్ జిల్లా దిక్కో, దక్షిణాన ఇబ్రహీంపట్నం, యాచారం దిక్కో. ఆ ఊరోడు మన జెండానే పట్టుకొని రోడ్డుమీద కూసుంటడు. అప్పుడు మన ప్రభుత్వం ఏం చేస్తది? లారీలు నడిపిస్తదా? ఎద్దు పుండు కాకికి నొప్పా అనే సామెత ఇన్నాళ్లు మనం వేరేటోళ్ల మీద వాడినం.

అందుకే ఇప్పుడే, రాష్ట్రం చట్టాలు రాసుకునే రోజులు ముందుండంగనే, ఈ మాట ఎత్తుతున్న. నాకు కావాల్సింది ముందుగాల ఒక్కటే. చెత్త పంపే సంస్థ, అనుమతి ఇచ్చే సంస్థ ఒక్కటి కావొద్దు. నగరం చెత్త కేంద్రం పెట్టాలన్నా, పెంచాలన్నా ఆ ఊరి గ్రామసభ, ఆ జిల్లా పరిషత్తు ఒప్పుకోవాలె. ఒప్పుకోవాలె అంటున్న, అభిప్రాయం చెప్పాలె అంటలేను. రాజ్యాంగ 73వ సవరణ వచ్చి ఇరవై ఏండ్లైంది. పంచాయతీకి వీధి దీపం బల్బు మార్చే అధికారం ఇచ్చి స్థానిక స్వపరిపాలన అంటున్నరు. మనం రాష్ట్రం అడిగిందే మన నిర్ణయం మనం చేసుకుంటమని. ఆ మాట హైదరాబాద్ దగ్గరనే ఆగిపోతదా, జవహర్‌నగర్ దాకా పోతదా?

"గ్రామసభకు ఆ హక్కిస్తే ఒక్క ఊరు కూడా ఒప్పుకోదన్నా" అంటరు. నేను అట్ల అనుకోను. ఒప్పుకునేటట్లు చేయాల్సిన బాధ్యత నగరం మీద పడుతది, అంతే. నగరం అప్పుడు రెండు పనులు చేయక తప్పదు. ఒకటి, పైసలు కట్టాలె. లెక్క కోసం చెప్తున్న, టన్నుకు వంద రూపాయలనుకుందాం. రోజుకు మూడున్నర వేల టన్నులకు మూడున్నర లక్షలు, ఏడాదికి పన్నెండు కోట్లకు పైన. ఆ పైసలు నేరుగ ఆ పంచాయతీ ఖాతాల పడితే మంచినీళ్ల పైపు, దవాఖాన, బడి ఎట్లుంటయో ఊహించుండ్రి. కార్పొరేషన్‌కు కూడా ప్రతి టన్ను జేబుకు తగులుతది, తక్కువ పంపాలన్న బుద్ధి పుడుతది.

రెండోది ఇంకా పెద్దది. తక్కువ పంపాలంటే తడి, పొడి వేరు చేయాలె, తడిని నగరంలనే ఎరువు చేసుకోవాలె. మన చెత్తల సగానికి పైగా తడిదే. ఆ తడి చెత్త బరువుల మూడింట రెండొంతులు నీళ్లే. మూడున్నర వేల టన్నులల్ల సగం తీసుకొని లెక్క కట్టుండ్రి. రోజుకు వెయ్యి టన్నులకు పైగా నీళ్లను డీజిల్ పోసి లారీలల్ల జవహర్‌నగర్‌కు మోస్తున్నరు. పది వేల లీటర్ల ట్యాంకర్లు వంద. మంచినీళ్ల ట్యాంకర్ కోసం బిందెలు లైన్ల పెట్టే నగరం, వంద ట్యాంకర్ల మురికి నీళ్లను రోజూ ఊరవతలికి పంపుతది. నేను కన్సల్టెంట్‌గా చాలా పిచ్చి డిజైన్లు చూసిన, ఇంత పిచ్చిది చూడలేదు.

కేంద్రం 2000 సంవత్సరంలనే పట్టణ చెత్త నియమాలు తెచ్చింది. 2003 డిసెంబర్ 31 లోపల శుద్ధి కేంద్రాలు పెట్టుకోవాలని గడువు పెట్టింది. కుళ్లే చెత్తను పాతిపెట్టొద్దని అందుల ఉన్నది. గడువు దాటి పదేండ్లు కావస్తున్నది. అంటే రూలు లేక కాదు.

మన దగ్గర చేతకాదు అనేటోళ్లకు సూర్యాపేట చూపెడుత. నల్లగొండ జిల్లా, సుమారు లక్ష జనాభా పట్టణం. ఇంకా ఈ నియమాల గురించి పెద్ద నగరాలు చదువుకుంటున్న రోజుల్లనే, 2003 ప్రాంతంల, మున్సిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ ఇంటింటికీ రెండు డబ్బాల పద్ధతి పెట్టిండు. వీధుల్ల చెత్తకుండీలు తీసేయించిండు. తడి చెత్తను వానపాములతోటి ఎరువు చేయించిండు, పొడి చెత్తను అమ్మించిండు. వరల్డ్ బ్యాంకు అప్పు లేదు, పాతికేండ్ల కాంట్రాక్టు లేదు. దేశం నలుమూలల నుంచి వచ్చి చూసి పోయిన్రు. పోయిన ఏడాది వరంగల్‌ల కూడా తడి, పొడి వేరు చేసే పని ఒక ఉద్యమం లెక్క నడిచింది. ఒక్క అధికారి మీద ఆధారపడ్డ పని ఆ అధికారి బదిలీ అయినంక ఏమైతదన్నది అసలైన చిక్కు. అందుకే చట్టంల ఉండాలంటున్న, మనిషి మంచితనంల కాదు.

విస్తరణ ముచ్చటకు మళ్లీ వస్త. ఏ కేంద్రమైనా పెంచాలంటే ఒక్కసారి పెంచొద్దు. వంద టన్నులకు అనుమతి ఉంటే, ఏడాదంతా, వానకాలంతోటి సహా, కంపు ఫిర్యాదుల రికార్డు, చుట్టూ బోర్ల నీళ్ల పరీక్షలు బాగుంటేనే నూట యాభైకి పోవాలె. ఆ రికార్డు ఊరి పంచాయతీ గోడమీద తెలుగుల అతికించాలె. పోర్ట్‌లాండ్‌ల రెండు వేల ఇండ్ల ప్రయోగం నుంచి నగరం మొత్తానికి ఎగిరిన్రు. డబ్బాలు ఎట్ల వాడాలో ఇండ్లల్ల పరీక్షించిన్రు, కుప్ప ఎంత తట్టుకుంటదో ఒక వానకాలం ఆగి చూడలేదు. మన వానకాలం ఒరెగాన్ ముసురు కన్నా గట్టిగ కొడుతది.

ఇంకో మాట, ఇది రైతుల గురించి. ఎరువు తయారు చేసినంక ఎవరు కొంటరు? కలగలుపు చెత్తతోటి చేసిన కంపోస్టుల సీసాపెంకులు, ప్లాస్టిక్ పేగులు, బ్యాటరీల విషం ఉంటయి. రైతు ఒక్కసారి తెచ్చి కాలికి సీసపెంక గుచ్చుకుంటే మళ్లీ తేడు. పైగా యూరియా ధర సర్కారు అదుపుల పెడుతది, కంపోస్టుకు ఆ ఆసరా లేదు. అమ్ముడుపోని కంపోస్టు కుప్ప కూడా డంపే, పేరు మారుతది అంతే. తీసుకునే రైతు లేకుండ కేంద్రం విస్తరించుడంటే ఊరిమీద ఇంకో గుట్ట పెట్టుడే. జెప్సన్ ప్రెయిరీ నిలబడ్డది ద్రాక్ష రైతులు కొన్నందుకే.

మన ఊళ్లల్ల ఇది కొత్త విద్య కాదు కదా. ప్రతి ఇంటి వెనుక పెంటకుప్ప ఉండేది. పేడ, బూడిద, కూరగాయల తొక్కు, ఊడ్చిన చెత్త అన్నీ అందులకే. ఎండాకాలం బండ్లు కట్టి పొలానికి పెంట తోలేటోళ్లు. ఎవరి పెంట వాళ్ల చెల్కకు పోయేది. పక్కింటోని వాకిట్ల పోస్తే ఊరుకుంటరా? పంచాయితీ పెడుతరు. నగరం చేస్తున్నది అదే, కాకపోతే వాకిలి దూరంల ఉన్నది కాబట్టి పంచాయితీ పెట్టే దిక్కు లేదు. మొన్న బతుకమ్మ ఆడినంక మిగిలిన పూలు, ఆకులన్నీ నేనే ఆకుపచ్చ డబ్బాల వేసిన. అవి ఎటు పోయినయో కనుక్కున్నవా అని మా ఇంటామె అడిగింది. కనుక్కుంటున్న.

మీరు ఏం చేయొచ్చో చెప్పి కూసుంట. మంత్రుల బృందం నవంబర్ 5 దాకా జనం నుంచి సూచనలు తీసుకుంటున్నది. మనోళ్లు నీళ్ల మీద, ఉద్యోగాల మీద పంపుతున్నరు, మంచిదే. హైదరాబాద్ చెత్త పడే ఊళ్ల హక్కు మీద ఒక పేజీ మనం రాద్దాం. రెండోది, వాషింగ్టన్ కౌంటీ బోర్డు కాగితాలు పబ్లిక్ రికార్డు, అడిగితే ఇస్తరు. ఆ కేంద్రానికి ఏ షరతులు పెట్టిన్రు, ఫిర్యాదులు ఎట్ల నమోదు చేసిన్రు, ఏ కారణం చెప్పి ఆపిన్రు, ఇవన్నీ తెలుగుల పెడితే రేపు మన పంచాయతీరాజ్ చట్టం రాసుకునేటప్పుడు పనికొస్తయి. లాయర్లు ఎవరైనా ఉంటే ఒకరు, నా లెక్క ఇంగ్లిష్ డాక్యుమెంట్లు చదివి బతికేటోళ్లు ఇద్దరు కావాలె. మూడోది, జవహర్‌నగర్ దిక్కు బంధువులున్నోళ్లు ఈసారి సెలవులకు పోయినప్పుడు అక్కడి బోరు నీళ్లు రెండు సీసాలల్ల పట్టి ల్యాబుల పరీక్ష చేయించి ఆ కాగితం తీసుకరాండ్రి. ఖర్చు నేను పెట్టుకుంట. పేర్లు ఇచ్చేటోళ్లు భోజనాల దగ్గర నన్ను కలువుండ్రి, నోటుబుక్కు తెచ్చిన.

జై తెలంగాణ.